సీటు డిపాజిట్ కట్టలేదు

పోయిన అక్టోబరు 31 రాత్రి పదకొండున్నరకి వంటింటి బల్ల దగ్గర లాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నాను. పిల్లలిద్దరూ హాలోవీన్ చాక్లెట్ల కాగితాలు ఇల్లంతా చల్లేసి పడుకున్నారు. స్క్రీన్ మీద ఒక మెయిల్: సీటు ఖాయం చేసుకోవడానికి ఇవాళ అర్ధరాత్రి వరకే గడువు. ఐదొందల డాలర్లు కడితే జనవరి బ్యాచ్‌లో నా పేరుంటుంది, పదహారు నెలల్లో నర్సింగ్ డిగ్రీ చేతికొస్తుంది. లాప్‌టాప్ పక్కన మా అమ్మాయి లెక్కల నోట్సులోంచి చింపిన కాగితం. రెండువైపులా నా అంకెలే. కొట్టివేతలు, బాణాలు, ఒక మూల మా ఆయన పెట్టిన కాఫీ కప్పు మరక.

కట్టలేదు. పన్నెండు దాటేదాకా కూర్చుని, లేచి, సింకులో గిన్నెలు డిష్‌వాషర్లో సర్ది పడుకున్నాను.

అప్పట్నుంచి డాలస్ పక్కన మా ఫ్రిస్కో వాట్సాప్ గ్రూపుల్లో కనీసం ఆరుగురు అడిగారు, "ఏంటి, చేరలేదా? ఎందుకు?" అని. అందరూ ఐటీలో ఉద్యోగం పోయినవాళ్లో, పోతుందేమోనని భయపడుతున్నవాళ్లో. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే ఓపిక లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

తెలియనివాళ్ల కోసం: యాక్సిలరేటెడ్ బీఎస్ఎన్ అంటే వేరే ఏదైనా డిగ్రీ ఉన్నవాళ్ల కోసం పెట్టిన నర్సింగ్ డిగ్రీ. ఇంగ్లీషు, చరిత్ర లాంటివి మళ్లీ చదవక్కర్లేదు, సెలవులుండవు, నర్సింగ్ సబ్జెక్టులు ఒకదాని మీద ఒకటి పడిపోతుంటాయి. పదకొండు నెలల నించి పద్దెనిమిది నెలల్లో అయిపోతుంది. కొత్త సంగతేమీ కాదు, సెయింట్ లూయిస్ యూనివర్సిటీ 1971లోనే మొదలుపెట్టింది. చివర్లో రాసేది ఎన్‌క్లెక్స్-ఆర్ఎన్, అంటే రిజిస్టర్డ్ నర్సు (ఆర్ఎన్) లైసెన్సు పరీక్ష. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల ఏడీఎన్ (నర్సింగ్‌లో అసోసియేట్ డిగ్రీ) చదివినవాళ్లు రాసేదీ అదే పరీక్ష, వచ్చేదీ అదే లైసెన్సు. ఈ ముక్క నాకు ఆర్నెల్ల దాకా ఎవరూ చెప్పలేదు.

నాది గుంటూరు. ఇంటర్ ఎంపీసీ, ఆ తర్వాత బీటెక్ సీఎస్ఈ, 2010లో పాసయ్యాను. పదో తరగతి తర్వాత బయాలజీ పుస్తకం ముట్టలేదు. కప్పను కోయక్కర్లేదనే ఎంపీసీ తీసుకున్నదాన్ని. 2013లో డాలస్ వచ్చాం. టెస్టింగ్ ఉద్యోగం, ఆటోమేషన్ స్క్రిప్టులు, రాత్రి పూట హైదరాబాదు టీముతో కాల్స్. 2024 మార్చిలో పదకొండు నిమిషాల కాల్‌లో ఉద్యోగం పోయింది. నిమిషాలు ఎలా తెలుసంటే, కాల్ అయిపోయాక స్క్రీన్ మీద కనపడింది.

ఉద్యోగం పోవడం వల్లే నర్సింగ్ గుర్తొచ్చిందని అందరూ అనుకుంటారు. అంతకు రెండేళ్ల ముందు సంగతి వేరే ఉంది.

2022లో నాన్నకి పక్షవాతం వచ్చింది. గుంటూరులో ఓ ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో పందొమ్మిది రోజులు. నేను పరిగెత్తుకుంటూ వెళ్లి, చేసిందల్లా రిపోర్టులు ఫోటోలు తీసి ఇక్కడి డాక్టర్ ఫ్రెండుకి పంపడం, మానిటర్ మీద అంకెలు చూస్తూ గూగుల్ చెయ్యడం. మా పిన్ని రోజూ సాయంత్రం విజిటింగ్ టైముకి వచ్చేది. సర్కారు ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయింది. వచ్చీ రాగానే మానిటర్ వంక చూసేది కాదు. దుప్పటి కాళ్ల దగ్గర ఎత్తి నాన్న మడమలు చూసేది. రెండు మడమలూ వేలితో నొక్కి చూసి, తర్వాత నడుం కింద చెయ్యి పోనిచ్చి కొంచెం పక్కకి తిప్పి వీపు చూసేది. "రెండు గంటలకోసారి పక్క మార్చాలే. లేకపోతే పుండు పడుద్ది. పడిందంటే ఆ పుండే తినేసుద్ది మనిషిని" అంది మొదటి రోజు. ఇంటినుంచి ఒక పల్చటి దిండు తెచ్చి పిక్కల కింద పెట్టింది, మడమలు పరుపుకి ఆనకుండా గాల్లో ఉండేట్టు. అక్కడి డ్యూటీ నర్సు, ఇరవైమూడేళ్లుంటాయేమో, మొదట మూతి ముడుచుకుంది. నాలుగో రోజుకి తనే పిన్నిని "మేడం, ఇలా సరిపోతుందా?" అని అడుగుతోంది.

నాన్న ఇంటికొచ్చారు. ఎడం చెయ్యి ఇప్పటికీ సరిగా రాదు. కానీ ఒంటి మీద పుండన్నది లేదు. పద్నాలుగేళ్లు టెస్టర్‌నని చెప్పుకుంటున్న నేను పందొమ్మిది రోజుల్లో ఒక్కసారి కూడా ఆ దుప్పటి ఎత్తలేదు.

పిన్ని నర్సింగ్ ట్రైనింగులో చేరినప్పుడు మా అమ్మమ్మ మూడు రోజులు అన్నం మానేసిందట. తాతయ్య నలుగురిలో "మా చిన్నమ్మాయి ఆసుపత్రిలో ఉద్యోగం" అని మాత్రం చెప్పేవాడు, ఏ ఉద్యోగమో చెప్పేవాడు కాదు. ఎవరికి జ్వరం వచ్చినా అర్ధరాత్రి కబురు మాత్రం పిన్నికే. ఇక్కడ మనవాళ్ల మధ్య అది కొంచెం రంగు మారింది, అంతే. నేను చెప్పగానే ఒకావిడ "బీటెక్ చేసి నర్సా?" అంది. ఊపిరి తీసుకుని వెంటనే, "అయితే ఎన్‌పీ చేసెయ్, డాక్టరుతో సమానమేగా" అంది. నర్స్ ప్రాక్టిషనర్ మంచి చదువే. కానీ నర్సు అన్న మాట మీద నిలబడలేక, వెంటనే పై మెట్టు మీదకి గెంతేయడం చూస్తే నాకు తాతయ్య గుర్తొస్తాడు.

సరే, అసలు విషయం.

ఒక రాత్రి ఏదో సైట్లో నా నంబరిచ్చాను. పది నిమిషాల్లో ఫోను. ఓ ప్రైవేటు కాలేజీ అడ్మిషన్స్ అడ్వైజర్‌నంది. గొంతులో తేనె. థియరీ ఆన్‌లైన్, ల్యాబు ఒక ఆఫీసు భవనంలో, క్లినికల్స్ ఏదో ఒక ఆసుపత్రిలో. ఏడాదికి మూడు బ్యాచులు. "ఈ బ్యాచ్‌లో రెండే సీట్లున్నాయి" అంది. మూడు వారాల తర్వాత కూడా ఆ రెండు సీట్లూ అలాగే ఉన్నాయి. మన గుంటూరులో ఎంసెట్ రాసినవాళ్లకి ఈ ఫోన్లు కొత్త కాదు, ఇంజనీరింగ్ కాలేజీల పీఆర్వోలు సరిగ్గా ఇలాగే మాట్లాడేవాళ్లు. నర్సుల సగటు జీతం అంటూ ఒక అంకె చెప్పింది. నేను వెతికితే అది ప్రభుత్వ లేబర్ స్టాటిస్టిక్స్ బ్యూరో లెక్క, 2024 మేలో దేశం మొత్తానికి 93,600 డాలర్లు. అబద్ధం కాదు. కాకపోతే అది మధ్యస్థం. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న కాలిఫోర్నియా నర్సు కూడా అందులో ఉంటుంది. డాలస్ వైపు కొత్తగా చేరేవాళ్లకి నాకు తెలిసినంతలో గంటకి 35 డాలర్ల దగ్గర మొదలు, వారానికి మూడు పన్నెండు గంటల షిఫ్టులు, మొదట్లో ఎక్కువగా రాత్రిళ్లు.

ఎన్‌క్లెక్స్ పాస్ రేటు అడిగితే గర్వంగా చెప్పింది. అది మనమే చూసుకోవచ్చు, టెక్సస్ బోర్డ్ ఆఫ్ నర్సింగ్ ప్రతి కాలేజీదీ ఏటా బయటపెడుతుంది. మొదటిసారి రాసినవాళ్లలో 80 శాతం పాసవ్వాలన్నది ఇక్కడి బోర్డు నియమం. "మరి చేరిన వందమందిలో అనుకున్న టైముకి పూర్తి చేసేవాళ్లు ఎంతమంది?" అని అడిగాను. గొంతులో తేనె కొంచెం పలచబడింది. కనుక్కుని చెప్తానంది. ఇప్పటికీ కనుక్కుంటూనే ఉంది. మధ్యలో ఆగిపోయినవాళ్లు పరీక్ష దాకా రారు కాబట్టి పాస్ రేటులో కనిపించరు. టెస్టర్‌గా చేసినందుకు ఈ ఒక్క ప్రశ్న మాత్రం నా బుర్రకి తట్టింది. మీరెవరైనా ఎక్కడ అప్లై చేసినా ఇది అడగండి. అలాగే నర్సింగ్ చదువులకి గుర్తింపునిచ్చే సీసీఎన్ఈ, ఏసీఈఎన్ లాంటి సంస్థల గుర్తింపు ఉందో లేదో చూడండి, అది లేని చోట ఒక్క డాలరు కూడా పెట్టొద్దు.

పదహారు నెలలు అన్న మాటలో ఇంకో మడత ఉంది. ఆ పదహారు మొదలవ్వాలంటే ముందు ప్రీరిక్విజిట్లు పూర్తవ్వాలి. అనాటమీ అండ్ ఫిజియాలజీ రెండు భాగాలు, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్, పుట్టుక నించి ముసలితనం దాకా మనిషి ఎదుగుదల గురించి చదివే సైకాలజీ, న్యూట్రిషన్. బీటెక్ మొదటేడు ఇంజనీరింగ్ కెమిస్ట్రీ చూపిద్దామనుకున్నా. ఐదేళ్లు దాటిన సైన్సు చెల్లదన్నారు. డిగ్రీని మాత్రం డబ్ల్యూఈఎస్ అనే, విదేశీ డిగ్రీలు మదింపు చేసే సంస్థకి పంపాలి. దానికోసం మా మరిది కాకినాడ యూనివర్సిటీకి రెండుసార్లు తిరిగి సీల్డ్ కవర్లు పంపించాడు. అన్నీ కలిపి నాకు ఏడాదిన్నర పట్టింది. పదహారు నెలల ముందు పద్దెనిమిది నెలలన్నమాట.

ఆ ఏడాదిన్నరలో రెండు క్లాసుల గురించి చెప్పాలి, నా నిర్ణయం నిజానికి అక్కడే జరిగింది.

అనాటమీ మామూలు సెమిస్టర్లో తీసుకున్నా. పదహారు వారాలు, సాయంత్రాలు. ఒకరోజు ల్యాబులో గొర్రె గుండె ఇచ్చారు. చేతికి నీలం గ్లవ్స్, ముక్కులో మందు వాసన. నా పార్ట్‌నర్ పంతొమ్మిదేళ్ల పిల్ల, స్కాల్పెల్ నా చేతికిచ్చి రెండడుగులు వెనక్కి వేసింది. కప్పకి భయపడి లెక్కల గ్రూపు తీసుకున్నదాన్ని, ముప్పై ఆరేళ్లకి గుండె కోస్తున్నా. ఎడమవైపు గోడ కోస్తే ఎంత మందంగా ఉందో! కుడివైపు గోడ దాని ముందు పల్చటి అట్టలా ఉంది. లోపల కవాటం రేకుల అంచుల నించి గోడకి సన్నటి తెల్లటి దారాలు. బొంతకి దబ్బనంతో వేసిన కుట్లలాగా బిగిసి ఉన్నాయి. వేలితో ఒకదాన్ని లాగితే కవాటం రేకు కదిలింది. మళ్లీ లాగాను. మళ్లీ కదిలింది. టీచరు వచ్చి "ఇంకా అక్కడే ఉన్నావా?" అంది. ఇంటికెళ్తూ టోల్‌వే మీద నా ఎగ్జిట్ దాటిపోయి ముందుకెళ్లిపోయాను. ఇవాళ రాత్రి నిద్రలో లేపి అడిగినా గుండెలోకి రక్తం ఎటునించి వచ్చి ఎటు పోతుందో చెప్పగలను, ఆ దారం ఇంకా వేలికి తగులుతూనే ఉంది.

మైక్రోబయాలజీ మాత్రం త్వరగా అయిపోతుందని ఎండాకాలంలో ఐదు వారాల సెషన్‌లో తీసుకున్నా. పదహారు వారాల సరుకు ఐదు వారాల్లో. సోమవారం నించి గురువారం దాకా రోజూ పొద్దున లెక్చరు, మధ్యాహ్నం ల్యాబు. మూడో వారంలో మా చిన్నోడికి జ్వరం. నూట మూడు. మా ఆయనకి ఆ వారమే ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజు. రెండు ల్యాబులు పోయాయి, మూడోది పోతే క్లాసు నించి తీసేస్తారు. వాడిని పక్కింటి గుజరాతీ ఆంటీ దగ్గర వదిలి, టైలెనాల్ ఎన్ని గంటలకి వెయ్యాలో చీటీ రాసిచ్చి పరిగెత్తాను. గ్రామ్ స్టెయిన్ చేసిన రోజు అది. ఏ రంగు ముందు, ఏది తర్వాత, మధ్యలో దేనితో కడగాలి, అన్నీ చేశాను. స్లయిడ్ బాగా వచ్చిందని మెచ్చుకున్నారు కూడా. చివరికి బీ గ్రేడు వచ్చింది.

రెండు నెలల తర్వాత మా అమ్మాయి నా పాత ఫ్లాష్ కార్డులు తీసి ఆటగా ప్రశ్నలడిగింది. చేతి మణికట్టులో ఎనిమిది ఎముకలు వరసగా చెప్పాను. గ్రామ్ స్టెయిన్ కార్డు తీసింది. మొదటి రంగు చెప్పి ఆగిపోయా. "అమ్మా, ఇది ఎండాకాలంలోనేగా చదివావ్?" అంది.

అవును, ఎండాకాలంలోనే. అదే వేగం పదహారు నెలలు సాగితే?

ఇప్పుడు డబ్బుల కాగితం. ఆ ప్రైవేటు కాలేజీ నాకిచ్చిన లెక్క ట్యూషన్ 64,000, పుస్తకాలూ ఫీజులూ మరో 5,000. మొత్తం 69,000 డాలర్లు. మా కమ్యూనిటీ కాలేజీలో ఏడీఎన్ నాలుగు సెమిస్టర్లకి, మేం ఆ కౌంటీలోనే ఉన్నాం కాబట్టి, యూనిఫాంతో సహా 9,000 లోపు. ఆ తర్వాత ఉద్యోగం చేసుకుంటూ ఆన్‌లైన్లో ఆర్ఎన్ నించి బీఎస్ఎన్‌కి మారడానికి ఓ 10,000. అందులో ఆసుపత్రి కొంత కట్టొచ్చు, ఏడాదికి 5,250 డాలర్ల దాకా యజమాని కట్టే చదువు ఫీజు మీద మనకి టాక్స్ పడదు. అంటే తేడా 50,000. ఏడీఎన్ ఇరవై ఒక్క నెలలు, యాక్సిలరేటెడ్ పదహారు. తేడా ఐదు నెలలు. ఐదు నెలల జీతం 27,000. ఇంకేముంది, తేలిపోయిందనుకుని గీత గీసేశా.

మా ఆయన కాఫీ తాగుతూ కాగితం అటు తిప్పి చూశాడు. "నువ్వు మొదలుపెట్టే తేదీలు వేసుకోలేదు" అన్నాడు. నిజమే. యాక్సిలరేటెడ్ జనవరిలో మొదలై 2027 ఏప్రిల్‌కి అయిపోతుంది. ఏడీఎన్ ఏడాదికోసారే, ఆగస్టులో మొదలు, 2028 మే దాకా. తేడా పదమూడు నెలలు. పదమూడు నెలల జీతం 71,000 దాకా, టాక్సులు పోను యాభై పైన. అంటే రెండూ సమానం! పైగా జనవరి సీటు చేతిలో ఉంది, ఏడీఎన్ సీటు వస్తుందో రాదో తెలీదు, దానికి హెసి ఏ2 అనే ప్రవేశపరీక్ష స్కోరు, గ్రేడ్ల పాయింట్లు, బోలెడు పోటీ. నా మైక్రో బీ కూడా అక్కడ అడ్డమే. ఒక్క కాఫీ కప్పుతో నా లెక్క తిరగేశాడు. మూడు రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు, తప్పు నాదే అయినా.

నాలుగో రోజు అప్పు సంగతి చూశాం. ఇది మనవాళ్లు ముఖ్యంగా చూసుకోవాల్సింది. ఫెడరల్ విద్యారుణాలు సిటిజన్లకీ గ్రీన్‌కార్డు వాళ్లకీ ఇస్తారు. మాది 2020 అక్టోబరులో అందరితోపాటు వేసిన ఐ-485 (గ్రీన్‌కార్డు దరఖాస్తు), ఇంకా పెండింగే. ఈఏడీ (పని అనుమతి కార్డు) మీద పని చెయ్యొచ్చు, చదవొచ్చు, టెక్సస్ వాళ్ల ఫీజే కట్టొచ్చు, కానీ ఆ లోను రాదు. ప్రైవేటు లోనుకి సిటిజనో గ్రీన్‌కార్డు మనిషో పూచీ సంతకం పెట్టాలి. హ్యూస్టన్లో మా మేనమామ కొడుకున్నాడు. అడిగితే పెడతాడు. పెట్టాక వాళ్లావిడ ఏమనుకుంటుందో నాకు తెలుసు. 50,000కి పది శాతం చొప్పున పదేళ్లు కడితే వడ్డీయే 29,000. సమానమైన త్రాసులో ఇదో రాయి. హెచ్4 మీద, అంటే భార్యో భర్తో హెచ్1లో ఉంటే వచ్చే వీసా మీద, ఈఏడీ లేకుండా ఉన్నవాళ్లయితే ఇంకా జాగ్రత్త. చదువు పూర్తయినా పని చేసే అనుమతి వేరే రావాలి. మామూలు వార్డు నర్సు ఉద్యోగానికి హెచ్1 దొరకడం చాలా కష్టం. ఆసుపత్రి గ్రీన్‌కార్డుకి వేసినా ఇండియా క్యూ ఎంత పొడవుందో మీకు నేను చెప్పాలా?

ఇంతా చెప్పి, యాక్సిలరేటెడ్‌ని చెత్త చదువు అనను. ఇర్వింగ్‌లో ఒకావిడ, బీఫార్మసీ చదివింది, పదిహేను నెలల్లో చేసింది. ఇప్పుడు రాత్రి షిఫ్టులో హాయిగా చేస్తోంది. ఆవిడ చెప్పిన సంగతి వింటే మిలిటరీ ప్లాన్‌లా ఉంటుంది. మొదటి ఆర్నెల్లు అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద. వాళ్లు తిరుగు విమానం ఎక్కిన వారానికి అత్తమామలు, ఇంకో ఆర్నెల్లు. చివరి మూడు నెలలు భర్త రిమోట్ వర్కు. "నేను పదిహేను నెలలు పొయ్యి వెలిగించలేదమ్మా, పిల్లల బడి సంతకాలు కూడా మా మామగారే" అంది. వాళ్లాయన సిటిజన్, ఆవిడది గ్రీన్‌కార్డు, లోను వచ్చింది. సబ్జెక్టు కూడా సగం తెలిసిందే. ఆవిడకి ప్రతి డాలరూ గిట్టింది. నా దగ్గర ఆ ఆర్నెల్లూ ఈ ఆర్నెల్లూ లేవు. నాన్నని వదిలి అమ్మ రాలేదు. అత్తయ్యకి మోకాళ్లు.

అలాగే మీ రాష్ట్రంలో పబ్లిక్ యూనివర్సిటీ యాక్సిలరేటెడ్ సీటు వస్తే, ఇంట్లో చూసే మనిషి ఉంటే, కళ్లు మూసుకుని చేరండి. నేనూ ఒకచోట వేశాను. రాలేదు.

ఇంకోటి కూడా నన్ను వెనక్కి లాగింది. అంత వేగంలో ఒక్క సబ్జెక్టు పోతే తర్వాతి బ్యాచ్ దాకా ఆగాలి, రెండోది పోతే ఇంటికే. పాస్ మార్కు డెబ్బై ఐదూ డెబ్బై ఎనిమిదీ మధ్య. లోను మాత్రం ఆగదు. మా చిన్నోడికి ఆ పదహారు నెలల్లో మళ్లీ జ్వరం రాదని ఎవరు పూచీ సంతకం పెడతారు?

పిన్నికి ఫోన్ చేసి అంతా చెప్పాను, అంకెలతో సహా. చేరమంటుందో వద్దంటుందో అనుకుంటే, "నువ్వు ఎవరికైనా స్నానం చేయించావే ఎప్పుడైనా? మీ పిల్లలకి కాదు, పరాయివాళ్లకి?" అంది.

లేదు.

"మరి లక్షల్లెక్క ఎందుకు వేస్తున్నావ్, అది చేసి చూడు ముందు."

డిపాజిట్ గడువు దాటాక సీఎన్ఏ (నర్సుల కింద పనిచేసే సహాయకురాలు) ట్రైనింగులో చేరాను. టెక్సస్‌లో వంద గంటలు, అరవై గంటలు క్లాసు, నలభై గంటలు రోగుల దగ్గర. చేరేముందు టీబీ పరీక్ష అన్నారు. ఇదొకటి మనవాళ్లందరికీ తగిలే గొడవ. చర్మంలోకి సూది వేసే పరీక్ష చేస్తే, చిన్నప్పటి బీసీజీ టీకా వల్ల మనకి ఉబ్బి పాజిటివ్‌లా కనిపించొచ్చు. నా చెయ్యి రూపాయి బిళ్లంత లేచింది, క్లినిక్కులో అమ్మాయి మాస్కు సర్దుకుంది. ఎడం భుజం మీద టీకా మచ్చ చూపించి, క్వాంటిఫెరాన్ రక్తపరీక్ష రాయమని అడిగాను. బీసీజీ ప్రభావం దాని మీద పడదు. నెగెటివ్ వచ్చింది. మీరైతే ముందే అది అడగండి.

ఇప్పుడు శని ఆదివారాలు ఒక నర్సింగ్ హోములో (ఇక్కడ ఆ మాటకి ముసలివాళ్లని చూసుకునే చోటని అర్థం) చేస్తున్నా, గంటకి పదిహేడు డాలర్లు. ఏడీఎన్‌కి అప్లికేషన్ పంపాను, జవాబు ఇంకా రాలేదు. రాకపోతే మైక్రో మళ్లీ చదివి వచ్చే ఏడాది వేస్తా. ఈసారి పదహారు వారాల్లో. నర్సింగ్ హోములో మొదటి రెండు వారాలు ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను, దాచేదేం లేదు. మూడో వారానికి అలవాటైంది. నడుం మాత్రం ఇంకా కాలేదు.

మొన్న శనివారం ఎనభై ఏడేళ్ల పెద్దావిడకి దుప్పటి సర్దుతూ కాళ్ల వైపు ఎత్తాను. కుడి మడమ మీద ఎర్రగా, పావలా అంత మేర. వేలితో నొక్కాను. నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి. తెల్లబడలేదు. వెళ్లి నర్సుని పిలుచుకొచ్చాను. ఆవిడ కూర్చుని చూసి, చార్టులో రాసుకుని, "గుడ్ క్యాచ్" అని వెళ్లిపోయింది. షిఫ్టయ్యాక పార్కింగ్ లాటులో కార్లో కూర్చుని పిన్నికి ఫోన్ చేశాను. అక్కడ తెల్లవారుతోంది, వెనక పాలవాడి బండి హారన్ వినబడుతోంది. చెప్పిందంతా విని, "దిండు పెట్టొచ్చావా?" అంది.

"పెట్టా పిన్నీ."

"ఎక్కడ? మడమ కిందా, పిక్క కిందా?"

"పిక్క కిందే."

"ఊ" అని, పాలు తీసుకోవాలంటూ ఫోన్ పెట్టేసింది.